పెద్దమ్మ జబ్బు, అక్క రిపోర్టు

మా పెద్దమ్మ సంవత్సరీకం అయిన వారానికి ఆవిడ పెద్ద కూతురు, నాకు వరసకు అక్క, ఒక ప్రైవేటు ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. నున్నటి కాగితం మీద అచ్చేసిన పన్నెండు పేజీలు, ప్రతి జన్యువు పేరు పక్కనా ఆకుపచ్చ టిక్కు, చివరి పేజీలో వంశపారంపర్య క్యాన్సర్లకు సంబంధించిన హానికరమైన మార్పులేవీ కనిపించలేదన్న ఒక్క వాక్యం. పెద్దమ్మను తీసుకుపోయింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. మా ఇళ్లలో గర్భసంచి క్యాన్సర్ అంటారు. "అమ్మకొచ్చింది నాకు రాదని ఇందులో ఉందటే, నువ్వొకసారి చదివి చెప్పు" అంది అక్క. నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి, మా బంధువర్గంలో జన్యువు అన్న మాట ఉన్న కాగితం ఏదైనా చివరికి నా బల్ల మీదికే చేరుతుంది.

రిపోర్టులో తప్పేమీ లేదు. అక్క అడిగిన సంగతి మాత్రం అందులో దాదాపుగా లేదు. పట్టికలో మొదట ఉన్న బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు సంబంధించినవి. ఆ మొత్తం జాబితాలో ముఖద్వార క్యాన్సర్‌తో గట్టి సంబంధం ఉన్న పేరు నాకు ఒక్కటే కనిపించింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందుగా అక్కకు చెప్పవలసి వచ్చింది ఏమిటంటే, ఈ జబ్బుకు మూలం జన్యువు కాదు, హ్యూమన్ పాపిలోమా వైరస్. జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ త్సూర్ హౌజెన్ బృందం 1983లో ఈ వైరస్ 16వ రకాన్ని, మరుసటి ఏడాది 18వ రకాన్ని ముఖద్వార కణితుల్లో గుర్తించింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచంలో ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. అయితే వైరస్ సోకిన స్త్రీలలో ఎక్కువమందికి అది ఏడాది, రెండేళ్లలో తనంతట తానే పోతుంది. కొద్దిమందిలోనే ఏళ్ల తరబడి తిష్ఠవేసి, కణాలను మార్చుతూ వస్తుంది. వంశం మాట ఎత్తవలసింది ఇక్కడే: ఒకే వైరస్ ఒక ఒంట్లోంచి ఎందుకు వెళ్లిపోతోంది, మరొక ఒంట్లో ఎందుకు ఉండిపోతోంది?

తల్లికి వచ్చిన జబ్బు కూతురికి వస్తే అది రక్తంలోంచి వచ్చిందని మనం తేలికగా అనేస్తాం. కానీ తల్లీకూతుళ్ల మధ్య నడిచేది రక్తం ఒక్కటే కాదు. చిన్న వయసు పెళ్లిళ్లు, వెంటవెంటనే కాన్పులు, తెల్లబట్ట అయినా ఎవరికీ చెప్పకుండా ఉండటం, ప్రాణం మీదికి వస్తే తప్ప ఆడ డాక్టరు దగ్గరికి కూడా వెళ్లకపోవడం, ఇవన్నీ ఒక తరం నుంచి ఇంకొక తరానికి అందేవే. పెద్దమ్మ తన జీవితంలో ఒక్కసారి కూడా ముఖద్వార పరీక్ష చేయించుకోలేదు. ఈ రెండు దారులనూ విడదీసి చూడటానికి స్వీడన్‌కు ఉన్న సౌకర్యం మరే దేశానికీ అంతగా లేదనిపిస్తుంది. అక్కడ 1958 నుంచి దేశమంతటికీ క్యాన్సర్ రిజిస్టరు ఉంది, ఎవరు ఎవరి కన్నబిడ్డో, ఎవరు దత్తత వెళ్లారో చెప్పే రికార్డులూ ఉన్నాయి. 1999లో మాగ్నుసన్, యుల్లెన్‌స్టెన్ తదితరులు ఆ రికార్డులను కలిపి చూసినప్పుడు, ఈ జబ్బు వచ్చిన స్త్రీల కన్నతల్లులకు ముప్పు సుమారు 1.8 రెట్లు, తోడబుట్టిన అక్కచెల్లెళ్లకు 1.9 రెట్లు, తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే ఉమ్మడిగా ఉన్న అక్కచెల్లెళ్లకు 1.5 రెట్ల దాకా ఉన్నట్టు తేలింది. పెంచిన తల్లులలో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తిని బతికినంత మాత్రాన ముప్పు పెరగలేదు, రక్తసంబంధం సగమైతే ముప్పు కూడా ఆ మేరకు తగ్గింది. జన్యువుల పాత్ర ఉందనడానికి ఇంతకంటే తేటగా చూపించే లెక్క నాకు తెలిసి లేదు.

ఆ బృందమే మరుసటి సంవత్సరం వారసత్వం వాటా సుమారు 27 శాతమని లెక్క కట్టింది. ఈ అంకెను క్లాసులో చెప్పిన ప్రతిసారీ పిల్లలు ఒకే విధంగా పొరబడతారు, అక్క కూడా అలాగే పొరబడింది. కూతురికి జబ్బు వచ్చే అవకాశం నూటికి 27 అని దాని అర్థం కాదు. జనంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ముప్పు తేడాలలో అంత భాగం జన్యువుల వల్ల ఏర్పడిందని మాత్రమే అర్థం. ఒక్క మనిషిని ముందు కూర్చోబెట్టుకొని చెప్పే జోస్యానికి అది పనికిరాదు.

ఇక ఏ జన్యువులన్నది. ఆరో క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపు ఉంది. మన రోగనిరోధక కణాలు వైరస్ ప్రోటీనును ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ హెచ్‌ఎల్‌ఏ అణువులో ఉన్న గాడిలో పెట్టి, తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన టీ కణాలకు చూపిస్తాయి. గుడిలో ప్రసాదం పెట్టే దొప్పలాంటిది ఆ గాడి. దొప్ప కుట్టిన తీరును బట్టి కొన్ని ముక్కలు అందులో కుదురుగా నిలుస్తాయి, కొన్ని జారిపోతాయి. నిలవని ముక్కను టీ కణం చూడలేదు, చూడని వైరస్ మీదికి అది దండెత్తదు. ఈ దొప్పల ఆకారాలు మనిషికీ మనిషికీ మారతాయి, అవి తల్లిదండ్రుల నుంచి వచ్చినవే. డీఆర్‌బీ1 జన్యువులో 13 అంకెతో గుర్తించే రూపాలు ఉన్న స్త్రీలలో ఈ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తుందని చాలా పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. ఇంకో సంగతి అక్కకు బాగా పట్టింది. తల్లికి రెండు హెచ్‌ఎల్‌ఏ వరసలు ఉంటే బిడ్డకు వాటిలో ఒకటే వస్తుంది, రెండోది తండ్రి ఇస్తాడు. అందుచేత ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లకు ఈ విషయంలో ఒక్క వరస కూడా కలవకపోయే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది. "అయితే మా చెల్లికీ నాకూ ఒకటే లెక్క కాదన్నమాట" అంది.

2013లో స్వీడన్ పరిశోధకులే 1,075 మంది రోగులను, జబ్బు లేని 4,014 మందిని తీసుకొని జన్యుపటం మొత్తం గాలించినప్పుడు, ముప్పుతో ముడిపడినవిగా తేలిన చోట్లన్నీ ఆ ఆరో క్రోమోజోము ప్రాంతంలోనే ఉన్నాయి. వాటిలో ఒకటి మైకా అనే జన్యువు పక్కన ఉంది. కణం వైరస్ వల్ల గానీ మరొక కారణంగా గానీ ఒత్తిడికి లోనైనప్పుడు మైకా ప్రోటీనును తన పైపొర మీద నిలబెడుతుంది. సహజ సంహారక కణాలు దాన్ని చూసి ఆ కణాన్ని తుదముట్టిస్తాయి. కొందరిలో ఈ జన్యువులో ఒక్క అక్షరం అదనంగా చేరి, ప్రోటీను మధ్యలోనే తెగిపోతుంది, పైపొరలో పాతుకొని నిలవవలసిన మొదలే ఉండదు. మంటలు అంటుకున్న ఇల్లు కేక వేయలేకపోవడం లాంటిది ఇది. ఇంతా చేసి ఆ రూపం వల్ల పెరిగే ముప్పు సుమారు 1.4 రెట్లే, పైగా అది ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ విరివిగా కనిపించేదే. 2021లో లక్షలాది మంది ఆరోగ్య, జన్యు వివరాలు దాచిన బ్రిటన్ బయోబ్యాంకు సమాచారంతో చేసిన పరిశోధనలో హెచ్‌ఎల్‌ఏతో పాటు పాక్స్8, సీఎల్‌పీటీఎమ్1ఎల్ అనే జన్యువుల దగ్గర కూడా ఇలాంటి చిన్న తేడాలు కనిపించాయి. ఇవన్నీ ఎక్కువగా ఐరోపా స్త్రీల మీద చేసిన లెక్కలు. హెచ్‌ఎల్‌ఏ రూపాలు జాతికీ జాతికీ మారతాయి కనుక, వీటిని కూడబెట్టి మన ఊరి ఆడవాళ్లకు మార్కులు వేయడం సబబు కాదు.

జాగ్రత్త ఎందుకో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. వైరస్‌లోని ఈ6 ప్రోటీను మన కణాల కాపలాదారైన పీ53ను విరగ్గొడుతుంది. పీ53 ప్రోటీనులో 72వ స్థానంలో కొందరికి ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం, కొందరికి ప్రోలిన్ అనేది ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆర్జినిన్ రూపమే వచ్చినవారికి ముప్పు ఏడు రెట్లని 1998లో ఒక పరిశోధన ప్రకటించింది. కారణం, కార్యం చక్కగా అతికినట్టు ఉండటంతో నేనూ కొన్నేళ్లు దాన్ని పాఠంలో చెప్పాను. 2009లో 49 పరిశోధనల సమాచారాన్ని ఒకచోట చేర్చి చూస్తే, పద్ధతిగా చేసినవాటిలో ఆ సంబంధమే నిలవలేదు. పాత నోట్సులో ఆ పేజీని కొట్టేశాను గానీ చింపలేదు.

అక్క జాబితాలోని ఆ ఒక్క పేరు ఎస్‌టీకే11. అది చెడితే పాయిట్జ్-జెగర్స్ అనే అరుదైన జబ్బు వస్తుంది. పెదవుల మీద, నోటి లోపల నల్లటి మచ్చలు, పేగుల్లో పిలకలు దాని ఆనవాళ్లు. వీరికి ముఖద్వారంలో ఒక ప్రత్యేకమైన గ్రంథి క్యాన్సర్ రావచ్చు, దానికి పాపిలోమా వైరస్‌తో పని లేదు, కాబట్టి వైరస్ పరీక్షకు అది దొరకకపోవచ్చు. పెద్దమ్మకు అలాంటి మచ్చలు లేవు, బయాప్సీ కాగితంలో ఉన్నదీ మామూలుగా వచ్చే పొలుసు కణాల రకమే.

అక్కకు నేను చూపించినది వేరే లెక్క. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా, 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే, అక్కడి పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 1,31,746 మంది స్త్రీల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. జీవితంలో ఒకే ఒక్కసారి వైరస్ పరీక్ష చేసి, తేడా ఉన్నవారికి చికిత్స ఇచ్చిన గుంపులో, ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అందులో ఎవరి జన్యువులనూ ఎవరూ చదవలేదు.

మరుసటి సోమవారం ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. నర్సు ఫారం నింపుతూ, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అడిగింది. అక్క నా వైపు చూసి, "మా అమ్మకు" అని చెప్పింది. నమూనా తీయడానికి పట్టింది రెండు నిమిషాలు. పది రోజుల తర్వాత వచ్చిన రిపోర్టు ఒక్క పేజీ, వైరస్ లేదని, అయిదేళ్లకు మళ్లీ రమ్మని. దాన్ని ఆ పన్నెండు పేజీల రిపోర్టు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టి, "అమ్మకు ఈ పరీక్ష ఎప్పుడైనా చేశారా?" అని అడిగింది అక్క. రోగం ముదిరాక బయాప్సీ చేశారు గానీ, దానికి ముందు ఎవరూ ఏదీ చేయలేదు.