గరిస గరిస గొజిరా

టోక్యోలో దిగిన రాత్రే మా వదిన అడిగేసింది. "అదే సినిమా సంగీతం మూడోసారి కొనడానికా ఇంత దూరం వచ్చావు? పోనీ, పాటలైనా ఉన్నాయా అందులో?"

ఆడపిల్లలు కలిసి పాడే ఒక ప్రార్థన తప్ప పాటల్లేవు. మిగతాదంతా బ్యాక్‌గ్రౌండ్ స్కోరే. 1954 నవంబర్ 3న విడుదలైన మొదటి గాడ్జిల్లాకి అకిరా ఇఫుకుబె కట్టిన సంగీతం. జపాన్‌లో ఆ మృగం పేరు గొజిరా. నా దగ్గర ఇప్పటికే రెండు సీడీలున్నాయి. ఒకదాంట్లో పాత టేపు గరగర అలాగే ఉంచారు. రెండోదాన్ని శుభ్రం చేస్తూ చేస్తూ ఇత్తడి వాద్యాల పదును కూడా తుడిచేశారు. సినిమాలో వాడకుండా వదిలేసిన ముక్కలతో సహా వేసిన ఎడిషన్ కోసం ఈసారి నా వేట. వదినకి ఈ జవాబు నచ్చలేదు. "సర్లే, పెరుగన్నం తిను" అంది. వాళ్ళుండేది నిషి కసాయిలో. ఆ పేటలో మనవాళ్ళు బాగానే ఉన్నారు, కాబట్టి భోజనానికి లోటు లేదు.

చిన్నప్పుడు మూడేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఈ థీమ్ మొదటిసారి విన్నప్పుడు చేతులు వాటంతటవే స్వరాలు వెతుక్కున్నాయి. గరిస, గరిస, గరిసనిసరిగరిస. అంతే! నాలుగే స్వరాలు. జంట వరసలు నేర్చుకునే పిల్లలు కూడా వాయించేస్తారు. కానీ తాళం వేసి చూడండి, చెయ్యి తడబడుతుంది. జపాన్ వాళ్ళు దీన్ని పాశ్చాత్య స్వరాల్లో 'డో సి లా' అని పాడుకుంటారు, అది 'గొజిరా'లాగే వినిపిస్తుందని వాళ్ళకో సరదా. తమాషా ఏమిటంటే, మొదటి సినిమాలో ఈ బాణీ మృగానిది కాదు, దాని మీదికి వెళ్ళే సైన్యానిది. తర్వాతి సినిమాల్లో మెల్లగా మృగమే దాన్ని సొంతం చేసుకుంది.

మర్నాడు షింజుకు వెళ్ళాను. పాత రికార్డుల షాపులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరిగి నిలబడాలి, అంత ఇరుకు. నాకు జపనీస్‌లో చదవడం వచ్చింది గొజిరా అనే మూడక్షరాలే. ముప్ఫైకి పైగా సినిమాలున్న సిరీస్‌లో ఆ మూడక్షరాలు దేనికి పనికొస్తాయి? అందుకే అన్నయ్య ఒక చీటీ మీద ఇఫుకుబె పూర్తి పేరు రాసిచ్చాడు. కంజీ లిపిలో నాలుగక్షరాలు. "రెండో అక్షరం గుర్తుపెట్టుకో. ఫుకు. అంటే అదృష్టం" అన్నాడు. నేను రెండు గంటలు ఆ అక్షరం పట్టుకునే వెతికాను. పక్క వరసలోనే మసారు సాతో డిస్కులు. 1955లో వచ్చిన రెండో సినిమాకి సంగీతం ఆయనదే. ఆయనది జాజ్ కలిసిన సరదా చెయ్యి. నాకిష్టమే గానీ ఆ రోజు చూపంతా 'ఫుకు' మీదే.

పై అరలో అమెరికా కంపెనీ వాక్స్‌వర్క్ 2021లో వేసిన పెద్ద పెట్టె కనిపించింది. 1954 నుంచి 1975 దాకా వచ్చిన పదిహేను సినిమాల సంగీతం, పద్దెనిమిది ఎల్పీలు. ఎత్తి చూసి, విమానంలో నాకిచ్చే లగేజీ గుర్తొచ్చి, దించేశాను. చివరికి పక్కన కాగితపు పట్టీ కూడా చెక్కుచెదరని ఒక సీడీ దొరికింది. ఆ పట్టీని 'ఒబి' అంటారు. అది పోతే సెకండ్ హ్యాండ్ ధర పడిపోతుంది, ఇక్కడి కలెక్టర్లకి అదో పిచ్చి. ఇప్పుడు నాకూ పట్టుకుంది.

ఇంటికొచ్చి పెట్టి వింటే అది సినిమా టేపు కాదు! ఇఫుకుబె తన సినిమా బాణీలు కొన్ని కలిపి కచేరీ కోసం 1983లో రాసిన సింఫనిక్ ఫాంటాసియా. బాగుంది, చాలా బాగుంది, కానీ నాక్కావాల్సింది అది కాదు. పేరు చూశానే తప్ప పక్కన ఏముందో చదవలేదు, తప్పు నాదే. వదిన నవ్వు ఆపుకోలేకపోయింది.

అసలుది నకానో బ్రాడ్‌వేలో దొరికింది. బొమ్మలు, కామిక్సు అమ్మే షాపులతో కిక్కిరిసిన భవనం అది. షాపాయన నా చీటీ చూసి, వేలితో 1954 అని గాల్లో రాసి చూపించి, అర వెనక నుంచి తీసిచ్చాడు. వెనకవైపు ముక్కలన్నీ ఎం1, ఎం2 అని రికార్డింగ్ నంబర్లతో వరసగా ఉన్నాయి. ఆ నంబర్లు చూడగానే నా టెన్షన్ పోయింది.

ఆ సాయంత్రం కబుకిచోలో హోటల్ గ్రేసరీ ఎనిమిదో అంతస్తు మీంచి తొంగిచూసే గాడ్జిల్లా తల గర్జించింది. కింద జనం ఫోన్లు ఎత్తారు. ఆ గర్జన పుట్టింది కూడా ఇఫుకుబె ఆలోచనలోంచే. కాంట్రాబాస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం తీగలు వదులు చేసి, రోజనం పూసిన తోలు గ్లోవ్‌తో వాటిని లాగి, టేపు వేగం తగ్గించారు. వయొలిన్ కమానుకి రోజనం రాసిన చేతులకి ఆ శబ్దం ఎక్కడిదో తెలుస్తుంది.

ఒక పని మిగిలింది. యుమెనోషిమా పార్కులో ఉన్న చేపల పడవని చూడాలి. సోమవారం వెళితే మూసేసి ఉంది, తలుపు చూసి తిరిగొచ్చాను. మంగళవారం మళ్ళీ వెళ్ళాను. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించినప్పుడు బూడిద ఈ పడవ మీద కురిసింది. ఇరవై ముగ్గురు పనివాళ్ళున్నారు. రేడియో ఆపరేటర్ కుబొయామా సెప్టెంబర్‌లో చనిపోయారు. మరో నెలన్నరకి, ఈ వార్తల వేడిలోనే తయారైన గొజిరా థియేటర్లకి వచ్చింది.

బయటి బోర్డు దగ్గర ఆగిపోయాను. జేబులో చీటీ తీసి పోల్చి చూశాను. పడవ పేరు దైగో ఫుకుర్యూ మారు. అందులోనూ అదే అక్షరం, ఫుకు.

లోపల చెక్క పడవ నేననుకున్నదానికంటే పెద్దగా ఉంది. చుట్టూ నడిచాను. స్కూలు పిల్లలు వచ్చారు, టీచరు ఏదో చెబుతోంది. ఇయర్‌ఫోన్స్ బ్యాగులోనే ఉన్నాయి, తియ్యలేదు.