కణవాయి కోసం దుగరాజపట్నం దాకా

ఇరవై రెండేళ్లుగా ఇంటర్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతున్నాను. మొలస్కా వర్గం పాఠం వచ్చిన ప్రతిసారీ ప్రయోగశాల బీరువాలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెడతాను. అందులో లాలిగో, అంటే స్క్విడ్ ఉంటుంది. మా తీరంలో దీన్నే కణవాయి అంటారు. ఫార్మలిన్‌లో ఏళ్ల తరబడి నాని తెల్లబడిన శరీరం, ముడుచుకుపోయిన చేతులు, పాలిపోయిన కళ్లు. దీనికి మూడు గుండెలుంటాయి, రక్తంలో రాగి ఉండటం వల్ల అది నీలంగా కనిపిస్తుంది, కన్ను మూసి తెరిచేలోగా రంగు మార్చేస్తుంది అని చెబుతుంటే కిందటి ఏడాది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మీరు చూశారా మేడమ్?" అని అడిగింది. చూడలేదని చెప్పాను. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

నాయుడుపేటలో ఉండే మా తమ్ముడికి చేపల వ్యాపారం వల్ల దుగరాజపట్నం వైపు పల్లెల్లో పరిచయాలున్నాయి. వాడితో చెబితే, "రాత్రి నీళ్లలోకి దీపం దించితే అదే వస్తుంది అక్కా. కానీ వెన్నెల ఉండకూడదు" అన్నాడు. అందుకే శివరాత్రి, ఆ మర్నాటి అమావాస్య దాటాక పాడ్యమి నాడు తిరుపతిలో బయలుదేరాను. ఆ రోజు చంద్రుడు సూర్యుడి వెంటే అస్తమిస్తాడు. తర్వాత రాత్రంతా చీకటే.

శ్రీకాళహస్తి దాటడానికి గంట పట్టింది. బ్రహ్మోత్సవాల జనం ఇంకా తగ్గలేదు. అక్కడి నుంచి నాయుడుపేట, తమ్ముణ్ణి ఎక్కించుకుని వాకాడు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఈ తీరం కూడా జిల్లాలోకి వచ్చింది. కొండ కింద పుట్టి పెరిగిన నాకు, సముద్రమూ మాదే అన్న ఊహ ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. మా వైపు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగా కనిపించే స్వర్ణముఖి ఇక్కడికి వచ్చేసరికి నీళ్లతో ఉంది. ఆ నది చివర ఎలా ఉంటుందో చూడటం నాకు అదే మొదటిసారి.

దుగరాజపట్నానికి పాత పేరు ఆర్మగాం. చెన్నపట్నంలో కోట కట్టుకోవడానికి ముందే, 1626లో, ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. వాళ్లకు సాయం చేసిన ఆర్ముగం మొదలియార్ పేరు మీదే ఆ పేరు వచ్చిందంటారు. ఇప్పుడు ఆ చరిత్రను గుర్తుచేసేది దీపస్తంభానికి ఉన్న పేరొక్కటే. తీరం వెంట సరుగుడు తోటలు, ఒడ్డున ఫైబర్ పడవలు, ఎండుతున్న నెత్తళ్లు. ఇసుకలో నడుస్తుంటే తెల్లగా, తేలికగా, పడవ ఆకారంలో ఉన్న ఒక ముక్క కాలికి తగిలింది. మూలికల దుకాణాల్లో సముద్రఫేనం పేరుతో అమ్మేది ఇదే. పేరులో నురుగు ఉన్నా ఇది నురుగు కాదు, సెపియా అనే జీవి ఒంట్లోని గుల్ల. కణవాయికి దగ్గర చుట్టం. కణవాయి ఒంట్లో మాత్రం ఇంత లావు గుల్ల ఉండదు, పలుచని ఈక లాంటి పెన్ను ఒకటి ఉంటుంది. ఆ ముక్కను పిల్లల కోసం సంచిలో వేసుకున్నాను.

మమ్మల్ని తీసుకువెళ్లడానికి ఒప్పుకున్న పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. పట్టపు కులస్థుడు. మాటలో తెలుగు, తమిళం కలిసిపోయి ఉంటాయి. కణవాయి అన్న పేరు కూడా నాకు ఆయన నోటి నుంచే అలవాటైంది. బయలుదేరే ముందు ఒక షరతు పెట్టాడు. "దీపం వేస్తే వల వేయనమ్మా. గాలం కూడా వేయను. చూసి వద్దాం." నాకు కావలసింది కూడా అదే.

దీపం మా పక్కింటి కుర్రాడు తయారు చేసి ఇచ్చాడు. పారదర్శకంగా ఉండే గొట్టంలో ఆకుపచ్చ ఎల్‌ఈడీ పట్టీ, రెండు చివరలా బంక, 12 ఓల్టుల స్కూటర్ బ్యాటరీ. మొత్తం 20 వాట్లు. ఆకుపచ్చే ఎందుకని తమ్ముడు అడిగాడు. నీళ్లలో ఎరుపు కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది. నడిసముద్రపు తేట నీటిలో అన్నిటికన్నా లోతుకు పోయేది నీలం. ఒడ్డు దగ్గర మట్టి, నాచు కలిసిన నీటిలో ఆకుపచ్చ మెరుగ్గా సాగుతుంది. కణవాయికి ఆకుపచ్చ ఇష్టమని కాదు. దాని కంటిలో వెలుగును పట్టే వర్ణకం ఒకే రకం కాబట్టి మనలా అది రంగులను వేరు చేయలేదు. ఆ వర్ణకానికి నీలం, ఆకుపచ్చల మధ్య ఉన్న వెలుగు బాగా అందుతుంది, అంతే. ఇంతా చేసి ఆ కన్ను మన కంటికన్నా ఒక విషయంలో తీరైనది. నరాలు రెటీనా వెనక నుంచి బయలుదేరతాయి కాబట్టి మనకున్న అంధబిందువు దానికి లేదు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు కూడా రాని సంగతి, కానీ ఇది చెప్పేటప్పుడు నాకెప్పుడూ ఒళ్లు పులకరిస్తుంది.

ఏడున్నరకు పడవ నీళ్లలోకి దిగింది. లైఫ్ జాకెట్లు కట్టుకున్నాం. అలలు దాటేవరకు తమ్ముడి చేయి వదల్లేదు. దక్షిణాన ఆకాశం అంచు కొంచెం తెల్లగా ఉంటే, అది శ్రీహరికోట వైపని పెద్దాయన చెప్పాడు. రాకెట్ వదిలే రోజుల్లో వీళ్లను సముద్రంలోకి వెళ్లనివ్వరట. ఆరు బారల లోతులో లంగరు వేసి మోటారు ఆపాడు. ఆ తర్వాత పడవ చెక్కను తాకే నీటి చప్పుడు తప్ప మరేదీ లేదు.

దీపానికి ఇనుప గుండు కట్టి రెండు బారల లోతుకు దించాం. పైన కడితే వెలుతురులో కొంత నీటి మీద తగిలి వెనక్కి పోతుంది, అల కదిలినప్పుడల్లా చెదురుతుంది. లోపల ఉంటే అది నిలకడగా, అన్ని వైపులా పరచుకుంటుంది. పచ్చటి గోళమొకటి నీళ్లలో వేలాడుతున్నట్టుంది. మొదటి పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వెలుతురులో దుమ్ము రేగింది. దుమ్ము అనే అనుకున్నాను, కానీ అది ఈదుతోంది. కోపిపోడ్లు, పీతల లార్వాలు, ఇంకా నాకు పేర్లు తెలియని ఎన్నెన్నో. పగలు లోతుకు దిగి, రాత్రి పైకి వచ్చే ప్రాణులివి. వెలుతురును బట్టే దారి వెతుక్కుంటాయి. వీటిలో చాలావాటికి మా దీపం దిక్కు తెలియకుండా చేసింది. ఎటు ఈదినా మళ్లీ గొట్టం దగ్గరికే వస్తున్నాయి.

వాటి వెంట నెత్తళ్లు వచ్చాయి. మొదట ఐదారు, తర్వాత ఒక గంపెడు. దీపం చుట్టూ ఒకే వైపు తిరగడం మొదలుపెట్టాయి. గుడిచుట్టూ ప్రదక్షిణ చేసే జనంలా ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా, ఆగకుండా. ఎంతసేపు చూశానో తెలియదు. పెద్దాయన నా భుజం దగ్గరగా వంగి, "దీపం వైపు చూడకమ్మా. వెలుగు అంచు చూడు" అన్నాడు.

వెలుతురు సన్నబడి చీకటిలో కలిసే చోట, మూడు ఆకారాలు నిలబడి ఉన్నాయి. ఈదడం లేదు, నిలబడి ఉన్నాయి. పక్క రెక్కలు చీర కుచ్చిళ్లలా అలలు తీస్తున్నాయి. చేతులన్నీ ముందుకు ఒక మొగ్గలా ముడిచి ఉన్నాయి. ఒళ్లంతా గాజు. ఆ గాజులో ముదురు ఎరుపు చుక్కలు పుట్టి, వ్యాపించి, మళ్లీ ముడుచుకుపోతున్నాయి. ఒక్కో చుక్కా ఒక వర్ణకపు సంచి. దాని చుట్టూ ఉన్న కండరాలు లాగితే విచ్చుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఎన్నిసార్లు బోర్డు మీద బొమ్మ గీశానో. ఆ బొమ్మ ఊపిరి పీల్చడం అప్పుడే చూశాను. పడవ అంచు పట్టుకుని ఏడ్చేశాను. తమ్ముడు ఏమీ అనలేదు.

వాటిలో ఒకటి కదిలింది. అది ముందుకు దూకడం నాకు కనబడనేలేదు. ఎనిమిది చేతుల మధ్య దాచుకున్న రెండు పొడవాటి స్పర్శకాలు బయటికి వచ్చి లోపలికి వెళ్లాయి, అంతే, ఒక నెత్తల్లు దాని ఒడిలో ఉంది. వెంటనే వెనక్కి, చీకటిలోకి తోసుకుపోయింది. ప్రదక్షిణ ఒక క్షణం చెదిరి మళ్లీ కుదురుకుంది.

వెలుతురులోకి కణవాయి ఎందుకు రాదని అడిగాను. "దొంగ దీపం కింద నిలబడతాడా అమ్మా?" అన్నాడు పెద్దాయన. తన చిన్నతనంలో పెట్రోమాక్స్ లైటు పడవ ముక్కుకు కట్టుకుని గాలం వేసేవాళ్లట. రెండు మూడు బుట్టలు నిండితే తెల్లవారకముందే తిరిగి వచ్చేవాళ్లు. తర్వాత జనరేటర్లు, వరసగా పెద్ద దీపాలు ఉన్న బోట్లను దూరంగా చూశాడు. "ఆ వెలుగు కింద వల వేస్తే, ఇదిగో ఈ దుమ్ములో పుట్టిన పిల్లలతో సహా వచ్చేస్తాయి. పెరిగేదేముంది?" 2017 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దేశ ప్రత్యేకాధికార ఆర్థిక మండలిలో, అంటే తీరానికి దూరంగా మన దేశానికి హక్కున్న సముద్రంలో, దీపాలతో ట్రాలింగ్, పర్స్ సీన్, గిల్ నెట్ అనే వల వేటలను నిషేధించింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట విరామం ఎలాగూ ఉంది. నాకు ఆ ఉత్తర్వు సంగతి ముందే తెలుసు, కానీ నా కింద తిరుగుతున్న ఆ దుమ్మును చూసినప్పుడే అది ఎవరి కోసమో అర్థమైంది. కణవాయి బతికేది రమారమి ఒక ఏడాది. సముద్రపు అడుగున వేళ్ల లాంటి తొడుగుల్లో గుడ్లు పెట్టి చనిపోతుంది. తల్లి వచ్చే ఏడాది మళ్లీ పెడుతుందిలే అనుకోవడానికి లేదు.

నలభై నిమిషాలు దాటాక దీపం రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. నేను వేసిన వైరు ముడిలోకి ఉప్పునీరు చేరింది. బాగుచేద్దామా అన్నాడు తమ్ముడు. వద్దన్నాను. అప్పటికే నెత్తళ్లు చెదిరిపోతున్నాయి. అవి వెళ్లే దారులన్నీ నీలంగా వెలుగుతున్నాయి. నీళ్లలో ఉండే సూక్ష్మజీవులను కదిలించినప్పుడు అవి వెలిగించే వెలుగు అది. ఇంతసేపూ మా దీపం దాన్ని కనిపించకుండా చేసింది. చీకటి వైపు నుంచి ఒక గీత మాత్రం చేపల గీతల్లా వంకరలు పోకుండా, వెనక్కి, తిన్నగా, ఆగి ఆగి సాగింది. చెయ్యి నీళ్లలో పెట్టి వేళ్లు విప్పాను. ప్రతి వేలి చివరా కాసిన్ని మెరుపులు.

ఒడ్డుకు వచ్చేసరికి పదిన్నర. పెద్దాయన భార్య వేడిగా టీ ఇచ్చింది. దీపం ఇక్కడే ఉంచుకోమని, వైరు బాగుచేయించి ఇస్తానని ఆయనతో అన్నాను. గొట్టాన్ని తిప్పి తిప్పి చూశాడు. తడి తుడిచి, తాడు చుట్టి నా చేతిలోనే పెట్టాడు.

"ఇంట్లో ఉంటే మా వాళ్లు వల వేయకుండా ఉండలేరమ్మా. నువ్వే తీసుకుపో. మళ్లీ చూడాలనిపిస్తే తీసుకురా. ఈసారి మీ పిల్లల్లో ఒకరిని కూడా తీసుకురా."

వెనక బెంచీలో కూర్చునే ఆ అమ్మాయి పేరు ఆయనకు చెప్పి వచ్చాను.