నాలుగో చక్రం

తమ్ముడు పంపిన ఫొటో ఈ రాత్రి నన్ను నిద్రపోనివ్వడం లేదు. కొవ్వూరు ఒడ్డు నుంచి తీసిన పాత హేవ్‌లాక్ వంతెన అది. బొగ్గింజను వంతెన మీదికి ఎక్కుతోంది. బొగ్గూ నీళ్ళూ మోసే టెండరూ డ్రైవరు గదీ మనవైపు ఉన్నాయి, ముఖం మాత్రం ఆవిరిలో మునిగిపోయింది. తీసిన పెద్దాయన "మెయిలు లాగిన డబ్ల్యూపీ" అని రాసి, తన పేరును లావుపాటి తెల్లని అక్షరాలతో సరిగ్గా చక్రాల మీద వేసుకున్నారు.

ముఖం కనబడనప్పుడు ఇంజను జాతిని పట్టి ఇచ్చేవి చక్రాలే. బొగ్గింజన్లలో డబ్ల్యూపీ రకానికి ఒక్కో పక్క పెద్ద చక్రాలు మూడు, డబ్ల్యూజీ రకానికి నాలుగు. మొదటిది వేగంగా పోవలసిన ప్రయాణికుల బండ్ల కోసం చేసినది కనుక దాని చక్రం ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. రెండోది గూడ్సు బరువు లాగవలసినది కనుక చక్రాలు కొంచెం చిన్నవైనా ఒకటి ఎక్కువ. పోల్చుకోవడానికి మిగిలిన ఆ ఒక్క చోటునూ కప్పేస్తే ఎలా? ఫొటోలో అంత గోదావరి ఉంది, నీళ్ళ మీద వేసుకోవచ్చు కదా అని అన్నాల దగ్గర కూడా అన్నాను. మా వారు పెరుగు కలుపుకుంటూ విని ఊరుకున్నారు.

కోసుగా ముందుకు వచ్చిన ముక్కు, దాని మీద వెండి నక్షత్రం ఉన్న డబ్ల్యూపీ అందరికీ ముద్దే. అందుకని కనబడిన ప్రతి బొగ్గింజనుకూ ఆ పేరే పెడితే నాకు కష్టంగా ఉంటుంది. డబ్ల్యూపీలు 755 అయితే డబ్ల్యూజీలు 2,450. చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారంలో 1950లో తయారైన మొట్టమొదటి ఇంజను "దేశబంధు" కూడా డబ్ల్యూజీయే.

1973 వేసవిలో పాలకొల్లు వెళ్తూ నిడదవోలులో బండి మారడానికి దిగాం. చంకలో తమ్ముడు ఏడుస్తున్నాడు. పాలపొడి కలపడానికి వేడినీళ్ళు తెమ్మని అమ్మ మరచెంబు ఇచ్చి, మామయ్యను తోడిచ్చి, ఆగి ఉన్న పాసింజరు ఇంజను దగ్గరికి పంపింది. పక్కనే నడుస్తూ ఎక్కం చదివినట్టు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చక్రాలు లెక్కపెట్టాను. ప్రతి చక్రమూ నాకంటే ఎత్తు. ముక్కూ లేదు, నక్షత్రమూ లేదు, చదునైన గుండ్రటి ముఖం. ఫైర్‌మన్ చెంబు అందుకుని, నూనె గుడ్డతో దాని అంచు తుడిచి ఇంకా నల్లగా చేసి, లోపల ఏదో కుళాయి తిప్పాడు. నీళ్ళు బుసకొడుతూ పడ్డాయి. "కాలుద్ది తల్లీ, మీ మామయ్యకి ఇయ్యి" అంటూ మామయ్య తుండుగుడ్డలో పెట్టాడు. ఆ పాలు తాగి తమ్ముడు పాలకొల్లు దాకా నిద్రపోయాడు. చెంబు మూత మీద పడిన మసి వేలిముద్రను అమ్మ చింతపండుతో తోమేస్తుంటే నేను ఏడ్చానట.

ఇంతవరకు రాశాక తమ్ముడు ఫోను చేశాడు. ఆ పెద్దాయన ఫొటోలను ఎవరెవరో తమవిగా చెప్పుకున్నారట; మూల వేసిన పేరును కత్తిరించేశారట. అందుకే కత్తిరించడానికి వీల్లేకుండా మధ్యలో వేస్తున్నారట. రీలుకు 36 బొమ్మలే వచ్చే రోజుల్లో, ఆ ఇసుకలో ఎండకు నిలబడి, ఒక్క బండి కోసం ఎన్ని గంటలు కాచుకున్నారో పాపం. పొద్దుటి నుంచి ఆయన మీద పెట్టుకున్న కోపం తప్పని ఒప్పుకుంటున్నాను. ఆయన పేరు అక్కడే ఉండాలి.

అయినా ఇంజను పేరు కూడా సరిగా ఉండాలి కదా. ఫొటోను మళ్ళీ పెద్దది చేసి చూశాను. అక్షరాల తలల పైన చక్రాల అంచులు సన్నటి వంపుల్లా తేలి ఉన్నాయి. మూడు స్పష్టంగానే ఉన్నాయి. డ్రైవరు గది మెట్టుకు ముందు, ఆయన ఇంటిపేరు మొదటి అక్షరం మీద, మరో వంపు ఉంది.

రేపు పొద్దున్నే తమ్ముడి చేత ఆయనకు ఫోను చేయించాలి.