మీ ఇండియా సిమ్ నడుస్తుందా అన్నా?

నా ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోతుందని తెలిసి కూడా నేను చాలా రోజులు నాన్చాను. క్యాంపు వైఫైకి రాత్రి పదకొండు దాటితే గానీ ప్రాణం రాదు, పొద్దున నాలుగున్నరకేమో సైటుకు బస్సు. దుబాయ్ అల్ కూజ్‌లోని లేబర్ క్యాంపులో మా రూములో ఆరుగురం ఉంటాం, అందరి ఫోన్లూ అదే వైఫై మీద. ఒక గురువారం రాత్రి ధైర్యం చేసి 11కు అప్‌గ్రేడ్ పెట్టి పడుకుంటే, పొద్దునకల్లా బాగానే అయిపోయింది. అక్కడితో ఊరుకోవాల్సింది. సెలవు రోజే కదా అని, కింద బయోస్ (మిషన్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) అప్‌డేట్ కూడా ఉందని చూపిస్తే అదీ నొక్కేశాను.

మళ్ళీ ఆన్ అయ్యేసరికి నీలం స్క్రీన్. బిట్‌లాకర్ రికవరీ అట, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం, తీయడానికి 48 అంకెల కీ కొట్టాలట. నేనెప్పుడూ ఏ తాళమూ వేయలేదు, తాళంచెవి ఎక్కడినుంచి తేను?

అందులో ఆఫీసు టైమ్‌షీట్లు పోయినా నాకు బాధ లేదు, అవి కంపెనీ సిస్టమ్‌లో ఉంటాయి. మా పెద్దబిడ్డ పెళ్లి ఫొటోలు ఉన్నాయి. ఆ పెళ్లికి లీవు దొరకలేదు, ఫోన్లో చూస్తూ ఇక్కడే అక్షింతలు వేసినవాణ్ణి. తర్వాత మెట్‌పల్లి నుంచి వచ్చినాయన చేతికి ఇచ్చి పంపిన పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసుకున్నా. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు.

బర్ దుబాయ్‌లో ఒక షాపాయన చూసి, ఫార్మాట్‌కు 150 దిర్హమ్‌లు అన్నాడు. ఫొటోలో అంటే, 'భూల్ జావో భాయ్' అన్నాడు. రూములో ఒక తమ్ముడు డిస్కు భాగాలను మార్చే డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో క్లీన్ అని కొట్టమనే వీడియో చూపించాడు. అది గానీ కొట్టి ఉంటే పార్టిషన్లే లేచిపోయేవి. అదృష్టం, ఆ రోజు నాకు ఎవరి మాటా వినబుద్ధి కాలేదు.

నిజానికి డిస్కుకు ఏమీ కాలేదు. ఈ మధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్కు దానంతటదే లాక్ అయి ఉంటుంది, తాళంచెవి టీపీఎం అనే చిప్‌లో దాక్కుంటుంది. రోజూ ఆన్ చేసినప్పుడు అది మిషన్ పాతదేనా అని చూసి మనకు తెలియకుండానే తలుపు తీస్తుంది. బయోస్ మారితే మాత్రం, మీసం తీసేసి వచ్చినవాణ్ణి క్యాంపు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపినట్టు ఆపేస్తుంది. బయోస్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసుకోవాలి. అది నాకు తెలియదు, తప్పు నాదే.

కీ కాపీ అకౌంట్‌లో ఉంటుందని తెలిసి ఫోన్లో తెరిస్తే, ఓటీపీ పంపిస్తాం, నంబరు చివరి నాలుగు అంకెలు చెప్పమంది. అది నేను ఊళ్ళో ఉన్నప్పటి నంబరు! రీచార్జ్ లేక చచ్చిపోయే ఉంటుందనుకున్నా. ఇక్కడ వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు కదా, బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో ఇంటికి చేశా. ఇక్కడ ఎనిమిదైతే అక్కడ తొమ్మిదిన్నర, పడుకోబోతున్నారు. "గ్యాస్ బుకింగ్ ఆ నంబరు మీదనే ఉన్నదిగా, నెలనెలా నేనే ఏయిస్తున్న" అంది మా ఆమె. గ్యాస్ బండ పుణ్యమా అని సిమ్ బతికుంది. బటన్ ఫోన్లో మెసేజ్ వచ్చింది. "ఆగుండ్రి, అద్దాలు పెట్టుకోని" అని ఒక్కొక్క అంకె చదివింది, మధ్యలో ఒకసారి టైమ్ అయిపోయి మళ్ళీ పంపించుకున్నాం.

స్క్రీన్ మీద కీ ఐడీ కనబడుతుంది, అకౌంట్‌లో రెండు మూడు కీలుంటే దాని మొదటి ఎనిమిది అక్షరాలు సరిచూసుకోవాలి. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది. ఒక్కో గుంపూ 11తో నిశ్శేషంగా పోతుంది, అందుకని అంకె తప్పు పడితే పట్టుకోగలదు. నా కీబోర్డు మీద ఎప్పుడో చాయ్ ఒలికి 7 పడదు. ఎఫ్7 నొక్కినా 7 కిందే తీసుకుంటుంది, సున్నాకు ఎఫ్10. చెమటలు పట్టిన వేళ్లతో పావుగంట పట్టింది.

తెరుచుకున్నాక చూస్తే సీ డ్రైవ్ ఎర్రగా, 3 జీబీ మిగిలింది. పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో కూర్చుంది. మామూలుగా డిలీట్ చేస్తే వినదు, సెట్టింగ్స్‌లో స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి వెళ్లి తీయాలి. పదిరోజులు ఆగితే అదే పోతుంది, కానీ తీసేశాక పాత వెర్షన్‌కు వెనక్కి పోలేం. నేను ముందు ఫొటోలు రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి, తర్వాతే దాన్ని తీశా.

కీ ఇప్పుడు కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ జిరాక్స్‌తో పెట్టుకున్నా. క్యాంపులో ఎవరైనా ల్యాప్‌టాప్ తెచ్చి, అప్‌డేట్ తర్వాత నీలం స్క్రీన్ వస్తుందంటే మూత కూడా తెరవకుండా ముందు ఒక్కటే అడుగుతున్నా: "మీ ఇండియా సిమ్ నడుస్తుందా అన్నా?" పోయిన శుక్రవారం ఒకాయన చాలాసేపు ఆలోచించి, "అది మా మరదలి ఫోన్ల ఉండాలె" అన్నాడు.