మళ్ళీ చూశావా అమ్మా?

మన బ్యాచ్ సభ కమిటీవాళ్ళు ఫోన్ చేసి, జ్ఞాపకాలు రెండు పేజీలు అడిగారు. హాస్టల్ మీద ఇప్పటికే చాలా వచ్చాయట, ఇంకొకటి వద్దన్నారు. అందుకని గొడుగు సంగతి రాయను. గోపాల్‌పూర్ రాత్రి కూడా రాయను. ఆ గొడవలో ఉన్న ఇద్దరూ ఇప్పుడు వియ్యంకులు. ఠాకురాణి జాతర ఏడాది మనవాళ్ళు వేసిన వేషాల ఫోటోలు ఎవరి బీరువాలోనో ఉండాలి, వాళ్ళే పంపాలి. నాకు మాత్రం మనం డాక్టరీ చదివిన బరంపురం అంటే క్యాజువాలిటీ, ఆ అత్యవసర వార్డు. క్యాజువాలిటీ అంటే మళ్ళీ అక్కడ మనకు పని నేర్పిన సార్.

మొదటి రెండేళ్ళు ఏం చదివానో ఇప్పుడు అడిగితే చెప్పలేను. సార్ మంచం పక్కన నిలబడే తీరు మాత్రం నిన్న చూసినట్టుంది. మూడు వేళ్ళు రోగి మణికట్టు మీద, కళ్ళు ఛాతీ మీద, కుడి చెవి రోగి నోటి దగ్గర. మానిటర్ వైపు అన్నిటికన్నా ఆఖర్న చూసేవారు.

తలుపు నుంచి మంచానికి ఎన్ని అడుగులో అడిగేవారు, గుర్తుందా? ఎనిమిది. ఆ ఎనిమిది అడుగులు వేసేలోపే సగం తెలిసిపోవాలనేవారు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగి ఊపిరి పీలుస్తున్న మనిషిని స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోబెట్టబోతే, మనల్ని కాదు, మన చేతుల్ని ఆపేవారు. అలా కూర్చోబట్టే ఆ ఊపిరి ఆడుతోంది. పడుకోబెడితే అక్కడికక్కడే ఆగిపోవచ్చు.

మంచం చేరగానే పేరు అడగాలి. మాట వచ్చిందంటే గాలిదారి తెరిచే ఉంది. వాక్యం మధ్యలో తెగకుండా వచ్చిందంటే ఊపిరికి ఇంకా ఓపిక ఉంది. జవాబు సరిగ్గా ఉంటే మెదడుకు రక్తం అందుతోంది. అయితే ఏ భాషలో అడిగామన్నది మనం పట్టించుకునేవాళ్ళం కాదు. గుణుపురం కొండల్లోంచి తెచ్చిన సవర ముసలాయన్ని తెలుగులో అడిగి, ఆయన ఏదో గొణిగితే, స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరులో మాటకు ఐదుకు నాలుగో మూడో వేసేసేవాళ్ళం. సార్ ఆ కేస్ షీటు పక్కన పెట్టి "నాఁ కణ?" అని ఒడియాలో అడిగేవారు. అదీ కుదరకపోతే వెంట వచ్చిన కోడలి చేత సవరలో అడిగించేవారు. ముసలాయన పేరు, ఊరు, తనకు ఎన్ని మేకలో కూడా చెప్పేవాడు. ఆయన మెదడు బాగానే ఉంది, మన ప్రశ్నే ఆయనకు అందలేదు. సరిహద్దు జిల్లాల్లో పనిచేసేవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. స్కోరు పక్కన ఏ భాషలో అడిగారో కూడా రాయాలి.

చప్పుళ్ళ పాఠం అందరికీ వచ్చు, కాబట్టి త్వరగా దాటేస్తాను. గురక వస్తే నాలుక వెనక్కి పడింది. గడ్డం ఎత్తాలి, దెబ్బ తగిలినవాళ్ళకైతే మెడ కదపకుండా దవడ ముందుకు తేవాలి. గరగరలాడితే నోట్లోవి పీల్చి తీసే సక్షన్ కావాలి, అదీ కంటికి కనిపించినంత మేరకే, పది పదిహేను సెకన్లు మించకుండా. ఛాతీ ఎగిరెగిరి పడుతూ చప్పుడే లేకపోతే దారి పూర్తిగా మూసుకుపోయిందని, ఒక్క క్షణం కూడా లేదని అర్థం. నాలుక వెనక్కి పడకుండా నోట్లో పెట్టే వంపు గొట్టం, గూడెల్ ఎయిర్‌వే, ముందుపళ్ళ నుంచి దవడ మూల దాకా కొలిచి వెయ్యాలి. వెయ్యగానే డోకు వస్తే తీసెయ్యాలి. చేత్తో పిండి ఊపిరి ఇచ్చే అంబూ బ్యాగు మొత్తం పిండకూడదు. పెద్దవాళ్ళకు ఐదారు వందల మిల్లీలీటర్లు చాలు, ఛాతీ కాస్త లేస్తే చాలు, ఆరు సెకన్లకు ఒక్కసారి. కంగారులో ఉన్న చెయ్యి నిమిషానికి ముప్పై సార్లు పిండేస్తుంది. గాలి పొట్టలోకి పోయి వాంతవుతుంది, ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడిపోతుంది. అందుకే సార్ పక్కన నిలబడి పైకి లెక్కపెట్టేవారు.

ఏ పని చేసినా వెనకనుంచి ఆ ప్రశ్న వచ్చేది. ఐదు వందల సెలైన్ పావుగంటలో ఎక్కించామా, "మళ్ళీ చూశావా అమ్మా?" నాడి తగ్గిందా, రొమ్ము ఎముక మీద ఐదు సెకన్లు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగొచ్చిందా, మోకాళ్ళ మీది నీలిమచ్చలు చెదిరాయా, వీపు కింద ఊపిరితిత్తుల్లో కొత్తగా బుడగల చప్పుడు మొదలైందా? ఇవన్నీ చూడకుండా రెండో సీసా ముట్టుకుంటే ఒప్పుకునేవారు కారు. కుర్రవాళ్ళ బీపీ చూసి మోసపోవద్దని కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాం. ఒంట్లో రక్తం మూడో వంతు దాకా పోయినా వాళ్ళ పై అంకె నిలబడి ఉండొచ్చు. ముందుగా నాడీ, ఊపిరి వేగమూ చెబుతాయి. ఊపిరిని నిమిషమంతా లెక్కపెట్టాలి. షీటు మీద అందరికీ ఇరవై అని రాసేవాళ్ళు మన బ్యాచ్‌లోనూ ఉన్నారు, పేర్లు అక్కర్లేదు.

ఇక అట్రోపిన్ రాత్రి. పురుగుల మందుకు విరుగుడుగా ఇచ్చే ఇంజెక్షన్ అది. దీని గురించి ఎంత రాసినా తక్కువే.

పురుగుల మందు తాగిన మనిషి. నోటినిండా నురగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంత కనుపాపలు, నాడి యాభై లోపు, ఛాతీ మీద స్టెత్ పెడితే అంతా బుడగలు. ముందు నోరు శుభ్రం చేసి ఆక్సిజన్ ఇచ్చారు. కడుపు కడగాలని ట్యూబు తెచ్చినవాళ్ళని ఆపారు, గాలిదారి భద్రం కాకుండా కడిగితే అదే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లవ్స్ వేయించి, బట్టలు తీయించి సంచిలో కట్టించి, ఒళ్ళు సబ్బు నీళ్ళతో కడిగించారు. ఈలోపు అట్రోపిన్ మొదలైంది. ఆంప్యూల్‌కు 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు ఆంప్యూళ్ళు. ఐదు నిమిషాలు ఆగి చూసి, తేడా లేకపోతే ఆరు. మళ్ళీ ఐదు నిమిషాలకు పన్నెండు. ఆ తర్వాత ఇరవై నాలుగు.

ఒక మనిషి పని ఆంప్యూళ్ళు విరవడమే. మెడ చుట్టూ దూది చుట్టి, చుక్క గుర్తు తనవైపు ఉంచి, మెడను అవతలికి తోసి విరవాలి. ఇంకొకరు లాగడం, మరొకరు రాయడం. టక్కు టక్కుమని ఆ చప్పుడు, కిడ్నీ ట్రేలో గాజు మెడల కుప్ప, సిస్టర్ అక్క ప్లాస్టర్ ముక్క మీద గీస్తున్న గీతలు. పావుగంటకు నలభై అయిదు గీతలు, అంటే 27 మిల్లీగ్రాములు. పన్నెండు దగ్గరే మనలో ఒకరికి చెయ్యి ఆగింది, నాడి నూట పది అయిందని. సార్ ఏమీ అనలేదు. స్టెత్ తీసి ఆ చెవుల్లో పెట్టారు. ఛాతీ ఇంకా తడిగానే ఉంది. నాడి వేగంగా ఉందని అట్రోపిన్ ఆపితే మనిషి తన స్రావాల్లోనే మునిగిపోతాడు.

చూడాల్సినవి ఐదు. ఛాతీ ఆరాలి, నాడి ఎనభై దాటాలి, పై బీపీ ఎనభై దాటాలి, చంకలు పొడిగా ఉండాలి, కనుపాప సూదిమొనలా ఉండకూడదు. వీటిలో పెద్దది ఛాతీ. కనుపాప ఆలస్యంగా పెద్దదవుతుంది, దాని కోసం పట్టుపట్టకూడదు. ఒక్క పక్కే కింద బుడగలు మిగిలితే అది తాగిన మందు లోపలికి పోయిన మచ్చ కావచ్చు, దానికి అట్రోపిన్ పెంచినా లాభం లేదు. అన్నీ కుదిరాక, ఎక్కించిన మొత్తంలో పది నుంచి ఇరవై శాతం గంటకు డ్రిప్పులో. ఆ రోజు లెక్కన గంటకు 2.7 నుంచి 5.4 మిల్లీగ్రాములు. ఎక్కువైతే పేలాపన, జ్వరం, పేగుల చప్పుడు ఆగిపోవడం. అప్పుడు ఆపి, కుదుటపడ్డాక తక్కువలో మొదలుపెట్టాలి.

అంతా అయిపోయింది, టీ తాగొద్దాం అనుకున్నాం. ఆయన స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నారు. మూడో రోజు పొద్దున కూడా వచ్చి, బాగానే మాట్లాడుతున్న ఆ మనిషిని దిండు మీంచి తల ఎత్తమన్నారు. ఎత్తలేకపోయాడు. మొదటి నాలుగు రోజుల్లో మెడ బలం అలా జారిపోతే, కాసేపట్లో ఊపిరి కండరాలూ జారొచ్చు. ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టడానికి ఆ తల చెప్పిన కబురే ఆధారం. ఆయన మళ్ళీ చూడకపోతే ఎవరమూ చూసేవాళ్ళం కాదు.

కట్లపాము గురించి రెండు మాటలు రాయకపోతే గంజాం వాళ్ళు ఒప్పుకోరు. నేల మీద పడుకున్న మనిషి, తెల్లవారుజామున కడుపునొప్పి, కాటు ఎక్కడా కనిపించదు. రెప్పలు వాలుతున్నాయేమో నిమిషం సేపు పైకి చూడమని చెప్పాలి. రక్తం గడ్డకట్టే పరీక్ష రక్తపింజరి కాటును పట్టిస్తుంది, కట్లపాము కాటులో మామూలుగానే వస్తుంది, అది చూసి ఇంటికి పంపకూడదు. ఆ పరీక్షకు శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచాలి. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగిన గాజైనా తప్పు జవాబే ఇస్తుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేని వార్డుల్లో పనికొచ్చినవి ఈ వేళ్ళూ ఈ చెవులే. బీ టైపు ఆక్సిజన్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు. నిమిషానికి పదిహేను చొప్పున నూరు నిమిషాలు. అంబులెన్సు ఎక్కించే ముందు ఈ భాగారం వేసుకోవాలి.

ఇవాళ రాయగడ వైపు నేను చూసే ఎమర్జెన్సీకి ఆరు మంచాలు. ప్రతి మంచానికి ఎదురుగా సెకన్ల ముల్లున్న గడియారం, ప్రతి ట్రాలీలో అట్రోపిన్ ఆంప్యూళ్ళు వంద, గాజు గొట్టాలు వేరే డబ్బాలో. మా సిస్టర్లు తెలుగు, ఒడియా, కువి మూడింట్లోనూ పేరు అడుగుతారు. నేను వచ్చేసరికి లెక్క రాసే ఉంటుంది, దాని పక్కన రెండోసారి చూసిన టైమూ ఉంటుంది.

సార్‌ని సభకు తీసుకొచ్చే పని నాకే ఇవ్వండి. వేదిక మెట్లు ఎక్కలేరు, కుర్చీ కింద ముందు వరుసలో వేయించండి. కుడి చెవి ఇప్పుడు వినబడదు, మాట్లాడేవాళ్ళు ఎడమ పక్క కూర్చోవాలి.