కార్తీకం చివర మా పెరడు

పర్లాకిమిడిలోని మా పెరటి గోడ మీద చిక్కుడు పాదు ఆషాఢం నుంచి ఆకులే చూపింది. పగటి నిడివి తగ్గితే తప్ప పూతకు రాని పాత రకం కావడంతో, కార్తీకం ముగిసే ఈ రోజుల్లో ఒక్కసారిగా ఊదారంగు పూగుత్తులు వేసింది. లేత కొనలకు అప్పుడే పేనుబంక పట్టింది. దాని ఒంటి నుంచి ఊరే తీపి జిగురు కోసం కాడ వెంట బారులు తీరిన నల్లచీమలు, పేనును తినవచ్చిన అక్షింతల పురుగును తరిమివేయడం ఈ ఉదయం చాలాసేపు చూశాను. బూడిద చల్లమంటుంది అమ్మ. పురుగుమందు కన్నా నాకూ అదే నయమనిపిస్తుంది. పారిజాతం పూలు తగ్గాయి. కార్తీక హవిష్యం (నెలంతా ఒంటిపూట సాత్విక భోజనం చేసే వ్రతం) పాటించే పొరుగింటి ఒడియా పెద్దమ్మ అడిగి తీసుకువెళ్లగా, చేమదుంపల మడి సగం ఖాళీ అయింది. అక్కడ రేపు ధనియాలు చల్లాలి.