మూడు గుండెలు

"అమ్మమ్మా, నీకెన్ని గుండెలు?"

అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అమ్మ ఉలిక్కిపడింది. నిన్న రాత్రి నేను అమలాపురం తెచ్చిన సంచిలోంచి మా అక్క కూతురు తెల్లారకముందే ఆక్టోపస్ పుస్తకం లాగేసింది. "దీనికి మూడుంటాయంట. రక్తం నీలం రంగంట!"

"మీ తాతకి ఒక్కటే ఉండేది, అదీ మొరాయించింది," అంది అమ్మ, ఈనె తీస్తూనే.

నేను నవ్వాలో వద్దో తెలీలేదు.

సంచిలో దెయ్యాల కథలున్నాయి, డిటెక్టివ్ నవల ఉంది, మాటల్లేని బొమ్మల పుస్తకం, గ్రహాల మీద ఒకటి. అన్నీ కొత్తవే. మా చిన్నప్పుడు మాకు తెలిసిన పిల్లల పుస్తకమంటే చందమామే. 1947లో మొదలైన ఆ పత్రిక మా తరం దాకా రాజుల్నీ రాక్షసుల్నీ ఇంటికే పంపింది. చాలా ఇష్టం, కాదనను. కానీ ఆక్టోపస్ గుండెల సంగతి నాకూ ఈరోజే తెలిసింది.

వీటిలో నాకు నచ్చింది ఇంకోటి. ఏ పుస్తకం చివరా "ఈ కథలో నీతి ఏమిటి?" అని లేదు. హమ్మయ్య.

గ్రహాల పుస్తకంలో శని వలయాల మీద అప్పుడే నెయ్యి మరక. మేనల్లుడి చేతిలో ఆత్రేయపురం పూతరేకు. తిడదామని నోరు తెరిచాను, వాడు తలెత్తితేగా!

మధ్యాహ్నం చూస్తే అమ్మ, కళ్లజోడు లేకుండా, పుస్తకాన్ని చేయంత దూరం పట్టుకుని ఉంది.

"ఒరేయ్, ఇది మన అంతర్వేది సముద్రంలో ఉంటుందంట్రా?"